ఎర్ర గడి

గుంటూరు,
జూన్ 22.

అత్తయ్యకి దివ్య నమస్కారాలు.

ఫోన్‌లో నేను అరవడం, నువ్వు "ఆఁ? ఆఁ?" అనడం, ఆఖరికి మా హాస్టల్ వార్డెన్ వచ్చి ఎవరికేమైందని అడగడం, ఇక నా వల్ల కాదు. చెవి మిషను పెట్టుకోనని నువ్వు భీష్మించుకున్నాక ఉత్తరమే గతి. మీరావలి పాలకేంద్రం చిరునామాకి రాస్తున్నాను. అతను పాలు పోయించుకునేటప్పుడే నీ చేతికిస్తాడు.

విషయం ఏంటంటే, ఆఫీసులో చేరిన ఐదు నెలలకి మొదటిసారి ఒక పని మొత్తం నా చేతిలో పెట్టారు. పొదిలి చుట్టుపక్కల పద్నాలుగు ఊళ్ళలో ఒక ట్రస్టు వాళ్ళు బోర్ల నీళ్ళు పరీక్ష చేయించారు. ఆ ఫలితాలు వెబ్‌సైట్లో పెట్టాలి. అదే పేజీని రంగుల్లో అచ్చు తీసి ప్రతి ఊళ్ళో గోడకి అంటిస్తారు. ఆ పద్నాలుగింట్లో మన రాళ్ళచెలమ కూడా ఉంది! మా యజమాని ప్రేమ్‌చంద్ గారు ఊళ్ళ పేర్లు చదువుతుంటే నేను కుర్చీలోంచి లేచాను.

వెబ్ పేజీలో పట్టిక అంటే గళ్ళు, అంతే. కానీ ఒక్కో గడికీ మనమే అన్నీ చెప్పాలి. గీత ఎంత మందం, అక్షరం మధ్యలో ఉండాలా ఎడమకి జరగాలా, గీతకీ అక్షరానికీ మధ్య ఎంత ఖాళీ, లోపల ఏం రంగు. చెప్పకపోతే అక్షరాలు గీతలకి అతుక్కుపోయి చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది. నేను రెండు వారాలు కూర్చున్నాను. కొన్ని గళ్ళకి ఎరుపు వేసి, మిగతావి తెల్లగా వదిలేశాను. నాలుగు రకాల ఎరుపులు మార్చి చూసి, వీధి అవతల నుంచి కూడా కొట్టొచ్చినట్టు కనపడేది ఎంచాను. చదువు రానివాళ్ళకైనా ఏ బోరు ఎలాంటిదో చూడగానే తెలియాలని నా తాపత్రయం. నీకైతే విడమరిచి చెప్పక్కర్లేదు.

ట్రస్టు మేనేజరు లక్ష్మీకాంత్ గారు చూసి "ఎరుపు అదిరిందమ్మా" అన్నారు. ప్రేమ్‌చంద్ గారు అందరి ముందూ మెచ్చుకున్నారు. పక్క సీటు షానవాజ్ స్వీట్లు తినిపించమని నా ప్రాణం తీస్తున్నాడు.

నీ మెడ ఎలా ఉంది? పక్కకి తిరగాలంటే ఇంకా మొత్తం మనిషివే తిరుగుతున్నావా? పట్టిక అంటించగానే చూసి రాయి.

నీ దివ్య.


రాళ్ళచెలమ,
జూలై 10.

దివ్యా,

నీ ఉత్తరం అందింది. నీ పట్టిక అంతకంటే ముందే అందింది. పాలకేంద్రం గోడకి అంటించి రెండు వారాలవుతోంది. మిరప నారు పోసే పనిలో పడి జవాబు రాయడం ఆలస్యమైంది. కోప్పడకు.

ఏం ఎరుపే అది! కల్లంలో కొత్త మిరపకాయ ఆరబోసినట్టుంది. పాలు పొయ్యడానికి వచ్చినవాళ్ళందరికీ "నా మేనకోడలు వేసిందిరా" అని చెప్పా. ఒకసారి కాదు, నాలుగుసార్లు చెప్పా. మీరావలి "తెలుసమ్మా, నిన్న కూడా చెప్పావు" అన్నాడు. అన్నా సరే, మళ్ళీ చెప్పా.

ఇన్నాళ్ళూ మనం ఎంత మోసపోయామో నీ కాగితం చూశాకే తెలిసింది. అంకమ్మరావు చేలో కిందటేడు దింపిన బోరుంది చూడు, ఎరుపు దానికి పడింది. పక్కన మూడు పాయింట్ నాలుగు అని వేశారు. మన వీధి పంపుకేమో సున్నా పాయింట్ ఎనిమిది, పైగా తెల్లగడి. తెల్లబారిన తాలుకాయని పక్కకి నెట్టినట్టు నెట్టేశారు. అంకెల పైన ఇంగ్లీషులో ఎఫ్ అని ఉంటే ఏంటని అడిగా. ఫస్టు అన్నమాట అన్నాడు మీరావలి.

ఆ రోజు నుంచీ ఊరంతా అంకమ్మరావు బోరు దగ్గరే. అతను మీసం దువ్వుకుంటూ గట్టు మీద కూర్చుంటున్నాడు. "మా నీళ్ళు ఫస్టు రకం" అని వచ్చినవాళ్ళకల్లా చెబుతున్నాడు. బడికి కూడా క్యాన్లు అక్కణ్ణించే పోతున్నాయి. అరవైమంది పిల్లలు తాగుతున్నారు, వాళ్ళన్నా మంచి నీళ్ళు తాగనీ. నేనూ రోజూ రెండు బిందెలు మోయించుకుంటున్నా. వీధి పంపు వాకిట్లోనే ఉన్నా అటు పోవడం మానేశా. కొంచెం చప్పగా అనిపించినా నువ్వు ఎంచిన నీళ్ళు కదా అని తాగుతున్నా.

పండక్కి వస్తే చీర పెడతా. ఎర్రదే.

అత్తయ్య.


గుంటూరు,
జూలై 14.

అత్తయ్యా,

మధ్యాహ్నం మీరావలికి ఫోన్ చేసి చెప్పింది నీకు చెప్పాడా? చెప్పి ఉంటాడు. అయినా నా చేత్తో రాస్తేగానీ నాకు ఊపిరాడదు. ఆ బోరు నీళ్ళు తాగకు. ఎవర్నీ తాగనివ్వకు.

ఎరుపంటే తాగకూడదని అత్తయ్యా. ఎఫ్ అంటే ఫస్టు కాదు, ఫ్లోరైడు. నీ మెడ బిగిసిపోయింది దేనివల్లనో అదే. పాత చెరువుగట్టు బావి నీళ్ళు ఇరవై ఏళ్ళు తాగి నువ్వు తెచ్చుకున్న జబ్బు అదే. ఒకటిన్నర దాటితే తాగకూడదు. అంకమ్మరావు బాబాయి బోరులో మూడు పాయింట్ నాలుగు ఉంది. వీధి పంపు నీళ్ళే మంచివి. అందుకే దానికి రంగు వెయ్యలేదు.

నీ ఉత్తరం ఆఫీసులో చదివాను. రెండు బిందెలు మోయించుకుంటున్నానన్న చోటికి వచ్చేసరికి కాగితం బల్ల మీద పడేసి ఫోన్ అందుకున్నాను. షానవాజ్ కాగితం తీసుకుని మిగతాది తను చదివాడు.

ఎర్ర లైటు పడితే ఆగాలని ఇక్కడ అందరికీ తెలుసు. రాళ్ళచెలమలో ఎర్ర లైటు ఎక్కడుంది? మనకి ఎరుపంటే కాయ రంగు. ఎర్రగా ఉన్నది మంచిది, తెల్లబారింది తాలు. ఇది నాకెవరో చెప్పాలా? పదో తరగతి దాకా నీ పక్కన గోనెపట్టా మీద కూర్చుని తాలు ఏరినదాన్ని. గుంటూరు వచ్చి ఐదేళ్ళు కాకముందే కళ్ళు మారిపోయాయి నాకు. తప్పు మీరావలిది కాదు, ఊరిదీ కాదు. నాదే.

రేపే రంగు మార్చమని అడుగుతాను. ఎంతసేపు, పది నిమిషాల పని.

దివ్య.


రాళ్ళచెలమ,
జూలై 19.

దివ్యా,

మీరావలి వచ్చి చెప్పినప్పుడు వినపడక మూడుసార్లు చెప్పించుకున్నా. మూడోసారికి అర్థమై బిందె తీసుకెళ్ళి వాకిట్లో బోర్లించా. నీ మీద పట్టరాని కోపం వచ్చిందే. ఎదురుగా ఉంటే చెంప పగలగొట్టేదాన్ని. పద్దెనిమిది రోజులు తాగా. నా సంగతి వదిలెయ్, నా మెడ ఇక బాగుపడేదీ లేదు, చెడేదీ లేదు. బడి పిల్లల ఎముకలు ఇప్పుడు ముదురుతున్నాయి. వాళ్ళు నాలాగా అయితే ఎవరు సమాధానం చెబుతారు? నువ్వా, నీ లక్ష్మీకాంతా?

సరే, తిట్టా. అయిపోయింది. ఇప్పుడు ఇక్కడి సంగతి విను.

ఊళ్ళో ఎవరూ నా మాట నమ్మట్లేదు. ఇల్లిల్లూ తిరిగి చెప్పా. అంకమ్మరావు పాలకేంద్రం దగ్గర పదిమందిలో నిలదీశాడు. "ఏం గురవమ్మక్కా, నా బోరుకి ఫస్టు వచ్చిందని కడుపుమంటా? గోడ మీద అచ్చేసి ఉంది. నువ్వెవరు కాదనడానికి?" అన్నాడు. "ఆ అచ్చు వేసిన పిల్లే చెబుతోందిరా" అన్నా. "ఫోన్‌లో చెప్పిందా? నీకు వినపడిందా?" అన్నాడు. అందరూ నవ్వారు. వాడి నవ్వు నాకు వినపళ్ళేదుగానీ పళ్ళన్నీ కనపడ్డాయి.

బడి మాస్టారు రామచంద్రమూర్తి గారు మంచాయనే. ఆయన కూడా "కాగితం మారితే నేను క్యాన్లు మారుస్తానమ్మా. నోటిమాట మీద మారిస్తే రేపు నన్ను అడుగుతారు" అన్నారు.

కాబట్టి నేను నోరు చించుకుని లాభం లేదు. గోడ మీద కాగితం మారాలి. పది నిమిషాల పని అన్నావు, ఐదు రోజులైంది. ఏం చేస్తున్నావక్కడ?

అత్తయ్య.


గుంటూరు,
జూలై 30.

అత్తయ్యా,

పది నిమిషాల పనికి పదిహేను రోజులు పట్టింది. ఎలా పట్టిందో రాస్తే నీకు ఇంకా కోపం వస్తుంది. అయినా రాస్తాను.

ప్రేమ్‌చంద్ గారు తన ఇష్టం కాదన్నారు. లక్ష్మీకాంత్ గారిని పిలిపించారు. ఆయన అంతా విని నవ్వారు. "ప్రపంచం మొత్తం ఎరుపంటే డేంజరేనమ్మా. ఒక్క ఊళ్ళో వాళ్ళు మిరపకాయలనుకున్నారని మేం మార్చాలా?" అన్నారు. మిగతా పదమూడు ఊళ్ళూ మిరప పండించేవేనన్నాను. "అక్కడి నుంచి ఫిర్యాదు రాలేదుగా" అన్నారు. మంచి నీళ్ళనుకుని తాగేవాళ్ళు ఫిర్యాదు ఎందుకు చేస్తారు? ఈ మాట పైకి అనలేదు. నా ఉద్యోగం దసరా దాకా ఇంకా పరీక్షలో ఉన్నట్టే. అప్పుడు ఉంచుకుంటారో పంపిస్తారో తేలుతుంది. నోరు మూసుకున్నాను. సిగ్గేసింది.

రంగు మార్చడానికి వీల్లేదట. అది ఛైర్మన్ గారు సరేనన్న రంగు. ఇంకో రెండు గడులు పెంచుదామంటే పేజీ పొడవు పెరక్కూడదట. ఎందుకంటే పైన ఛైర్మన్ గారి ఫొటో ఉంది, పట్టికంతా దాని కిందే ఒక్క కాగితంలో పట్టాలి. ఫొటో తగ్గిద్దామా అన్నాను. నేనేదో ఆయన తల తగ్గిద్దామన్నట్టు చూశారు.

చివరికి బతిమాలి బతిమాలి ఒకటి ఒప్పించాను. ఎర్ర గడిలో అంకె పక్కన తెలుగులో "పానయోగ్యం కాదు" అని రాస్తాం. మాట లక్ష్మీకాంత్ గారే చెప్పారు, ఆఫీసు భాషలో ఉండాలని. నిన్ననే పెట్టాను. కంప్యూటర్లో చూసుకున్నాను, చక్కగా ఉంది. కొత్త కాగితాలు ఈ వారం వస్తాయి.

ఇక అంకమ్మరావు బాబాయి ఏమంటాడో చూద్దాం.

దివ్య.


రాళ్ళచెలమ,
ఆగస్టు 7.

ఒసేయ్ దివ్యా,

ఏమంటాడో చూద్దామన్నావుగా. విను.

కొత్త కాగితం నిన్న పొద్దున అంటించారు. అంకమ్మరావు కళ్ళజోడు తుడుచుకుని ముందుకొచ్చి పైకి చదివాడు. "పా-న-యో-గ్యం." మాస్టారి వైపు తిరిగి "అంటే ఏంటండీ?" అన్నాడు. ఆయన పాపం అబద్ధం చెప్పలేరుగా, "తాగడానికి పనికొచ్చేది" అన్నారు. అంకమ్మరావు ఈలేశాడు. ఆ ఈల మాత్రం నాక్కూడా వినపడింది.

"కాదు" ఎక్కడికి పోయిందే? నేను కాగితం మీద ముక్కు ఆనించి వెతికా. మెడ వంగకపోతే మీరావలి చేత స్టూలు వేయించుకుని ఎక్కి చూశా. ఎర్ర గడులన్నిట్లోనూ పానయోగ్యం ఉంది, కాదు లేదు. మొదటి కాగితమే నయం, దాన్ని మేం తప్పుగా చదివాం. ఇది తప్పే రాసింది.

స్టూలు మీదే ఉన్నాగా, కాగితం పట్టుకుని బర్రున లాగి చింపేశా. "అచ్చు కాగితం చింపుతావా?" అని అంకమ్మరావు మీదకొచ్చాడు. "చింపుతా. ఇంకోటి అంటించు, అదీ చింపుతా. నీ మీసం అడ్డమొస్తే అదీ చూసుకో" అన్నా. అక్కణ్ణించి తిన్నగా వాడి బోరు దగ్గరికి పోయి, తారు డబ్బాలో కుంచె ముంచి, సిమెంటు గట్టు మీద మూరెడు అక్షరాలతో రాశా.

తాగొద్దు.

సాయంత్రానికి కిరసనాయిలు పోసి కడిగించాడు. పొద్దున్నే పోయి మళ్ళీ రాశా. ఈ ముసల్దానికి తారు ఉన్నంతవరకూ రాస్తుంది. కానీ నా రాత ఒక్క ఊరికే. మిగతా పదమూడు ఊళ్ళ గోడల మీద కూడా ఈ పాటికి పానయోగ్యం అని వెలుగుతూ ఉంటుంది. అది నీ పని. నీకు చేతనవుతుందా కాదా చెప్పు, చేతకాకపోతే నేనే బస్సెక్కి వస్తా.

అత్తయ్య.


గుంటూరు,
ఆగస్టు 13.

అత్తయ్యా,

బస్సెక్కక్కర్లేదు. చేశాను.

ముందు "కాదు" ఎక్కడికి పోయిందో చెబుతాను. పేజీ పొడవు పెరక్కూడదన్నారని ప్రతి గడి ఎత్తునీ నేనే బిగించాను. పట్టకపోతే మిగిలింది కనపడకుండా దాచెయ్యమని కూడా నేనే రాశాను, గళ్ళు వరసగా ఉండాలని. కంప్యూటర్ తెర వెడల్పు కాబట్టి రెండు మాటలూ ఒకే వరసలో పట్టాయి. కాగితం ఇరుకు. "పానయోగ్యం" పెద్ద మాట, వరసంతా అదే తిన్నది. "కాదు" రెండో వరసలోకి దిగింది. దిగిన చోట గడి అయిపోయింది. మన భాషలో కాదనే మాట చివరికొస్తుంది. చివర తెగితే మనం కాదన్నది అవునైపోతుంది. ఒక్కసారి అచ్చు తీసి చూసుకున్నా తెలిసేది. చూసుకోలేదు. ఇదీ నా తప్పే. రెండోది.

నీ ఉత్తరం చదివాక నువ్వు గట్టు మీద రాసిన మాట వంకే చూస్తూ కూర్చున్నాను. తాగొద్దు. దాన్ని ఎక్కడ విరిచినా సగం మాట మిగులుతుందిగానీ తాగమని మాత్రం అవదు. ఎంత ఇరుకు గడిలో పెట్టినా వద్దు అందులోనే ఉంటుంది. ఆఫీసు భాష తెలిసిన పెద్దమనిషికి తట్టనిది ఏడో తరగతి చదివిన నీకు తట్టింది.

సోమవారం పొద్దున్నే అందరికంటే ముందు ఆఫీసుకి వెళ్ళాను. ఎవర్నీ అడగలేదు. ఎర్ర రంగు మొత్తం తీసేశాను. తాగకూడని బోర్లకి అంకె గడినీ పక్క గడినీ కలిపి ఒకే పెద్ద గడి చేసి, మందమైన నల్ల అక్షరాలతో తాగొద్దు అని పెట్టాను. మంచివాటికి తాగొచ్చు. గడి ఎత్తు బిగించడం మానేశాను, మాట ఎంతుంటే గడి అంత పెరుగుతుంది. చోటు చాలలేదు. ఛైర్మన్ గారి ఫొటోని బొటనవేలంత చేశాను. పట్టిక అడుగున ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకటే గడి పెట్టి ఇలా రాశాను: "ఈ పట్టిక చేసింది శ్రీదివ్య. మొదట ఎరుపు వేసి మిమ్మల్ని తప్పుదారి పట్టించింది నేనే. తాగొద్దు అన్న నీళ్ళు తాగకండి. అనుమానముంటే నాకు ఫోన్ చెయ్యండి." కింద నా నంబరు. ఈసారి అచ్చు తీసి చూసుకుని మరీ పెట్టాను. పేజీని మీరావలి చేత అన్ని ఊళ్ళ పాలకేంద్రాల ఫోన్లకీ పంపించాను.

పదకొండుకి లక్ష్మీకాంత్ గారు ఊగిపోతూ వచ్చారు. ఆయన ముందు చూసింది ఫొటో. తరవాతే మాట. "తాగొద్దా? ఇదేం భాష? తగువులాడుతున్నట్టుంది" అన్నారు. "తగువేనండీ" అన్నాను. నా నోట్లోంచి నీ గొంతే వచ్చింది.

ప్రేమ్‌చంద్ గారు పాత పేజీ పెట్టమన్నారు. పెట్టనన్నాను. షానవాజ్ వైపు తిరిగి "నువ్వు పెట్టు" అన్నారు. ఆఫీసులో అందరికంటే పని తెలిసినవాడు షానవాజ్. వాడు తెర వంక చూసి, నా వంక చూసి, "నాకు రాదు సార్" అన్నాడు. నవ్వు ఆపుకోలేక చచ్చాను.

నన్ను ఇంటికి పొమ్మన్నారు. క్షమాపణ చెబుతూ సంజాయిషీ రాసి తెస్తే అప్పుడు చూస్తారట. అప్పటిదాకా రావద్దట.

హాస్టల్లో కూర్చుని ఫోన్లు ఎత్తుతున్నాను. నిన్నటి నుంచి మొత్తం ముప్పై ఒకటి. ఐదు ఊళ్ళవాళ్ళు ఎర్ర గడి చూసి ఆ నీళ్ళకే ఎగబడ్డారట. ఒకావిడ చంటిపిల్లకి కూడా అవే పట్టానని చెప్పి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఇద్దరం ఏడ్చాక "రేపట్నుంచి ఏ నీళ్ళమ్మా?" అని అడిగింది. చెప్పాను.

దివ్య.


రాళ్ళచెలమ,
ఆగస్టు 21.

చిట్టితల్లికి,

నీ పేజీని మీరావలి పొదిలి తీసుకుపోయి పెద్ద కాగితం మీద అచ్చు తీయించుకొచ్చాడు. అంటించేసరికి మాస్టారు వచ్చి చూశారు. ఆ మధ్యాహ్నమే బడి క్యాన్లు మన వీధి పంపుకి మారాయి. పిల్లలు ఇంటికి పోతూ ఆ మాట గట్టిగా చదువుకుంటూ పోతున్నారు. ఒకడు అరిచి నా చెవి దగ్గరే చదివాడు, నా సంగతి తెలిసినట్టుంది.

అంకమ్మరావు మూడు రోజులు కనపళ్ళేదు. నిన్న వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. "అక్కా, నా మనవరాలు కూడా ఆ నీళ్ళే తాగింది" అన్నాడు. వాడి భార్య మోటారు కట్టేసి ఫ్యూజు తీసి కొంగున కట్టుకుందట. నాలుగు మాటలు అందామని ఎన్నాళ్ళ నుంచో దాచుకున్నా. వాడి మొహం చూశాక కూర్చోమని మజ్జిగిచ్చా.

ఊరి పని అయిపోయింది. ఇక నీ సంగతి. దివ్యా, సంజాయిషీ రాసెయ్యవే.

ఆశ్చర్యపోకు. స్టూలెక్కి చింపింది నేనే, తారు పట్టింది నేనే. నా దగ్గర పోయేదేముంది? ఉన్నది రెండెకరాల మిరప, తిరగని మెడ. నువ్వలా కాదు. ఆ ఉద్యోగం కోసం నువ్వెంత చదివావో నేను చూశా. ఇంటి దీపం కింద తాలు ఏరుతూ పక్కన పుస్తకం పెట్టుకునేదానివి. నా తొందర నీ పొట్ట మీద కొట్టింది. తప్పైందని ఒక్క ముక్క రాసి పారేస్తే ఏం పోతుంది? కాగితమే కదా. నేను నా జన్మలో ఎవరినీ బతిమాల్లేదు. నిన్ను బతిమాలుతున్నా.

అత్తయ్య.


గుంటూరు,
ఆగస్టు 29.

అత్తయ్యా,

ఇన్నేళ్ళలో నీ మాట కాదన్నది లేదు. ఇప్పుడంటున్నాను. రాయను.

కాగితమే కదా అన్నావు. మన ఊళ్ళో నువ్వు ఇల్లిల్లూ తిరిగి మొత్తుకున్నా ఎవరూ కదల్లేదు, కాగితం మారాకే కదిలారు. నేను తప్పైందని రాసిస్తే వాళ్ళు దాన్ని దాచుకోవడానికి అడగట్లేదు. తాగొద్దు అని రాయడం తప్పని ఆ పిల్లే ఒప్పుకుందని చూపించి, మళ్ళీ ఎరుపు పెట్టి, ఫొటో పెద్దది చేసుకుంటారు. ప్రేమ్‌చంద్ గారే ఫోన్‌లో చెప్పారు, "నువ్వు రాసిస్తే మిగతాది మేం సర్దుకుంటాం" అని. వాళ్ళు సర్దుకునేది పద్నాలుగు ఊళ్ళ నీళ్ళు. ఇంకో బోరు దగ్గర ఇంకో అరవైమంది పిల్లలు క్యాను పట్టుకుని నిలబడతారు.

నీ తొందర నా పొట్ట మీద కొట్టలేదు. జూలైలో లక్ష్మీకాంత్ గారి ముందు నోరు మూసుకుని కూర్చున్నప్పుడు వేసిన సిగ్గు ఇంకా పోలేదు. ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కుంటాను. భయంగానే ఉంది, లేదనను. వాళ్ళడిగినట్టు కాకుండా నా మాటల్లో, భయంతోనే సంజాయిషీ రాశాను. మంగళవారం వెళ్ళి ప్రేమ్‌చంద్ గారి చేతిలో పెట్టి వచ్చాను. నకలు నీకు పంపుతున్నాను, మాస్టారికి కూడా చూపించు.

"గౌరవనీయులైన ప్రేమ్‌చంద్ గారికి,

మీరు సంజాయిషీ అడిగారు. నీటి పరీక్షల పట్టికలో ప్రమాదకరమైన బోర్లకి ఎర్ర రంగు వేసింది నేను. మిరప పండే ఊళ్ళలో దాన్ని మంచి రకమని చదువుతారని నాకు తెలిసి ఉండాలి. 'పానయోగ్యం కాదు' అన్న మాట గడిలో పట్టక కాదు తెగిపోవడానికి కారణం కూడా నేనే. ఈ రెండు తప్పులకీ ఆ ఊళ్ళవాళ్ళకి క్షమాపణ చెప్పాను, పట్టిక అడుగునా చెప్పాను, ఫోన్ చేసిన ప్రతివారికీ చెప్పాను. మొదటి తప్పు చేసినప్పుడు మీరు నన్ను మెచ్చుకున్నారు.

తాగొద్దు అని రాసినందుకు మాత్రం క్షమాపణ చెప్పను. ఆ మాట చిన్నది చెయ్యను, మార్చను, ఆఫీసు భాషలోకి తిప్పను.

పేజీ పాస్‌వర్డు మీ దగ్గరుంది. నేను మార్చలేదు. ఎరుపు మళ్ళీ పెట్టాలనుకుంటే ఎవరిచేతనైనా పెట్టించుకోండి. అప్పుడు అడుగు గడిలో నా పేరు, నంబరు తీసేసి, పెట్టించినవారి పేరు, నంబరు అక్కడ రాయండి. పద్నాలుగు ఊళ్ళవాళ్ళు ఫోన్ చేసి ఏ నీళ్ళు తాగాలని అడిగితే వారే జవాబు చెబుతారు.

ఇట్లు,
శ్రీదివ్య."

ఇచ్చి నాలుగు రోజులైంది అత్తయ్యా. ఆఫీసు నుంచి రమ్మనీ అనలేదు, పొమ్మనీ అనలేదు. ఈ ఉత్తరం అంటించేముందు పేజీ తెరిచి చూశాను. ఆ గడిలో ఇంకా నా పేరే ఉంది.

దివ్య.